వినే ముఖం

సినిమాని స్త్రీవాద దృష్టితో చదివేటప్పుడు మనం కథనీ, పాత్రల్నీ, సంభాషణల్నీ చర్చిస్తాం. ఆ బొమ్మ ఏ కొలతకి కోసుకుని మన ఇంట్లోకొచ్చిందో అంతగా పట్టించుకోం.

1991లో వచ్చిన ‘థెల్మా అండ్ లూయీస్’నే తీసుకుందాం. కాలీ ఖౌరీ రాసింది, రిడ్లీ స్కాట్ తీశాడు. వెడల్పు ఎత్తుకి రెట్టింపు కంటే ఎక్కువ, సుమారు 2.35:1. పాత టీవీ తెర 4:3. ఆ తెర నిండా బొమ్మ కనబడాలంటే వెడల్పులో నూటికి 43 వంతులు వదులుకోవాలి. ఏ భాగం ఉంచాలో షాటు షాటుకీ ఎవరో నిర్ణయిస్తారు. దీన్ని ‘పాన్ అండ్ స్కాన్’ అన్నారు. ఇద్దరు చెరో అంచునా ఉంటే ఒకరిని వదిలెయ్యాలి, లేదా ఒక షాటుని రెండు ముక్కలు చెయ్యాలి. దర్శకుడు పెట్టని కత్తిరింపు అది.

ఈ కోతలో సాధారణంగా చోటు దక్కేది మాట్లాడే మనిషికి. వినే మనిషి పోతుంది, మహా అయితే భుజమో జుట్టో మిగులుతుంది. ఈ సినిమాకి ఆ లెక్క బొత్తిగా పనికిరాదు. కారు ముందు సీట్లో ఇద్దరాడవాళ్ల ప్రయాణం ఇది. టెక్సాస్ మీదుగా మాత్రం వెళ్లనంటుంది లూయీస్. ఎందుకో చెప్పదు. అక్కడ తనకేం జరిగిందో థెల్మా ఊహించి అడిగినా నోరు విప్పదు. మన సమాధానమంతా ఆ మాట్లాడని ముఖంలోనే ఉంది. బయల్దేరేముందు ఇద్దరూ పోలరాయిడ్ ఫొటో తీసుకుంటారు. ఆ చిన్న చతురంలో పట్టడానికి తలలు ఆనించుకోవాలి. సినిమా ఫ్రేము వాళ్లకి అంత ఇరుకు పెట్టదు. ఇద్దరికీ చెరో చోటిచ్చి, మధ్యలో ఎడారిని కూడా ఉంచుతుంది.

రెండో దారి, పైనా కిందా నల్ల పట్టీలు వదలడం. తెరలో దాదాపు అంతే భాగం, నూటికి 43 వంతులు, నల్లగా ఉండిపోతుంది. డబ్బు పోసి కొన్న టీవీలో సగం దండగేనా అని జనం విసుక్కునేవాళ్లు. చిన్న టీవీలో ముఖాలు చిక్కిపోయే మాటా నిజమే. అయినా నా ఓటు పట్టీలకే. తగ్గించిన సంగతిని అవి దాచవు. కోత దాస్తుంది, తీసేసిన మనిషి అసలు లేనట్టే చూపిస్తుంది.

ఇప్పుడు ఇళ్లలో 16:9 టీవీలొచ్చాయి. ఇక పాత 4:3 సినిమాల వంతు, తెర నింపడం కోసం పైనా కిందా కోసేస్తున్నారు. ఫోనులో నిలువు తెరకి కుదించిన సినిమా ముక్కల్లోనేమో మళ్లీ ఒక్క ముఖమే. మాట్లాడే ముఖం ఏదో వెతికి పట్టుకునే పని ఈసారి సాఫ్ట్‌వేరుకి అప్పజెప్పారు.