కరెంటు తగిలిన తీగ

చుట్టూ పొలం. దూరంగా ఆవులు. వరండాలో ఒక మనిషి చెక్కముక్కకు మేకులు కొట్టి, ఒకే ఒక్క తీగ లాగి బిగించి, దాని కింద ఖాళీ కోకోకోలా సీసా దూరుస్తాడు. ఓ చిన్న పికప్ తగిలించి ప్లగ్గు పెడతాడు. ఇక చూడండి, ఆ చెక్క గొంతెత్తి అరుస్తుంది!

డేవిస్ గుగ్గెన్‌హైమ్ 2008లో తీసిన ‘ఇట్ మైట్ గెట్ లౌడ్’ అనే డాక్యుమెంటరీ ఇలా మొదలవుతుంది. పేరును మన భాషలో చెప్పుకోవాలంటే ‘చప్పుడెక్కువ కావచ్చు, చూసుకోండి’ అని. చెక్క కొట్టినవాడు జాక్ వైట్. అతనితో పాటు లెడ్ జెప్లిన్ జిమ్మీ పేజ్, యూటూ బృందంలోని ఎడ్జ్ ఉన్నారు. మూడు తరాల గిటారువాళ్లు. మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుని నాంపల్లిలో మా తమ్ముడింటికి వెళితే, “అక్కా, కూర్చో, గంటన్నర కదలకు” అని చూపించాడు. వాడు ఎందుకు చూపించాడో నాకు తెలుసు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పికప్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగను వేల చుట్లు చుడతారు. దాని పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో పిసరంత కరెంటు పుడుతుంది. ఆ పిసరును యాంప్లిఫయరు కొండంత చేస్తుంది. మనలాంటి వాళ్లం ఆ కొండను చూసి చెవులు మూసుకుంటాం. పిసరు సంగతి పట్టించుకోం. ఈ సినిమా గొప్పల్లా ఆ పిసరును చూపించడంలో ఉంది.

ఎడ్జ్ ఉన్నాడు చూశారూ, ఆయన తన పాటలో మోగే ముక్క ఒకటి వాయిస్తాడు. హాలంతా నిండిపోతుంది. తర్వాత ఆ ప్రతిధ్వని పెట్టెలన్నీ కట్టేసి అదే ముక్క మళ్లీ వాయిస్తాడు. ఇంతా చేస్తే ఉన్నవి నాలుగు పొడి స్వరాలు! నగలన్నీ ఊడదీసి పళ్లెంలో పెట్టి, ‘ఇదీ నా అసలు మొహం’ అని పెళ్లికూతురు నవ్వినట్టుంది. రాసేవాళ్లలో అంత ధైర్యం ఎందరికుంది? నాకైతే లేదు.

అరవై దాటిన జిమ్మీ పేజ్ తన గదిలో లింక్ రే 1958 నాటి ‘రంబుల్’ రికార్డు పెట్టుకుని, చేతిలో గిటారు లేకుండానే గాలిలో వాయిస్తూ మురిసిపోతాడు. మాటల్లేని పాట అది. అయినా అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు నిషేధించాయిట!

ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టిన ఘట్టం మాత్రం నాకు చప్పగా అనిపించింది. వియ్యంకుల్లా ఒకరికొకరు మర్యాదలు. ఎవరూ ఎవరినీ కాదనరు. ఇంకో మాట. ఇన్ని తరాల కథలో గిటారు పట్టిన ఆడమనిషి మచ్చుకైనా లేదే! 1938 నుంచే రికార్డులిచ్చి, ఎలక్ట్రిక్ గిటారుతో చర్చి పాటల్ని ఊపేసిన సిస్టర్ రొసెట్టా థార్ప్‌ను వీళ్లెవరూ వినలేదంటే నమ్మను.

అంతకన్నా పెద్ద లోటు, కరెంటు అంటే వీళ్లకు పిడుగు, తుపాను మాత్రమే. అదే కరెంటుతో నెమ్మది కూడా సాధించవచ్చని చూపించినవాడు మనవాడు, పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్. మామూలు మాండలిన్ తీగ టింగుమని ఆరిపోతుంది. స్వరం నిలబడకపోతే దాన్ని ఊపేదెలా, గమకం పలికేదెలా? ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. స్వరం నిలిచింది. నిలిచాక తోడి పలికింది, శంకరాభరణం పలికింది. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పాడి వినిపిస్తే పిల్లవాడు ఆ పాటను తీగ మీదికి ఎక్కించేవాడట. పెద్దయ్యాక జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు పక్కన కూర్చుని ప్రపంచమంతా తిరిగాడు. 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. ఆ వరండా సీసాకూ ఈ అయిదు తీగలకూ చుట్టరికం ఉంది. తీగ తొందరగా చచ్చిపోకూడదన్న ఆరాటమే రెండిట్లోనూ.

ఇక మా ఇంటి సంగతి. 1999లో నేను బి.ఏ. ఆఖరి సంవత్సరం. తమ్ముడు ఇంటర్. ఏడాది పాటు బస్సు డబ్బులు మిగుల్చుకుని ఆబిడ్స్‌లో సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొన్నాడు. యాంప్లిఫయరుకు డబ్బుల్లేవు. పాత టేప్‌రికార్డరు విప్పి ఏదో వైరు కలిపాడు. అది మోగేది అనడం కన్నా గురక పెట్టేది అనడం న్యాయం. పక్కన నా చరిత్ర పుస్తకం, ఎల్లుండి పరీక్ష. ఒక మధ్యాహ్నం విసురుగా లేచి ప్లగ్గు పీకేశాను. ఊరుకున్నానా, సాయంత్రం నాన్నతో చెప్పాను. వారం తిరక్కుండా నాన్న దాన్ని అమ్మేశారు. తమ్ముడు ఒక్క మాట అనలేదు. మళ్లీ గిటారు పట్టనూ లేదు. ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు.

ఈ సినిమాలో ఉన్నవాళ్లంతా గెలిచినవాళ్లు. వాళ్ల కుర్రతనపు గురక ఇప్పుడు ముచ్చటగానే వినిపిస్తుంది. మా తమ్ముడి గురక విన్నది నేను, నాన్న, పక్కవాటావాళ్లు. అది పాటయ్యేదో కాదో నాకేం తెలుసు? తెలుసుకునేదాకా మోగనివ్వలేదు కదా.

సినిమా అయిపోయాక వాడు రిమోట్ నొక్కి మళ్లీ ఆ సీసా ఘట్టం పెట్టాడు. “సౌండ్ తగ్గించనా అక్కా?” అన్నాడు. వద్దన్నాను. మూడోసారి పెట్టేసరికి పక్క ఫ్లాట్‌వాళ్లు వచ్చి తలుపు కొట్టారు. వాడు లేవబోతుంటే కూర్చోమని, తలుపు తీయడానికి నేనే వెళ్లాను.