పీటల మీద పెళ్లి, చేతిలో ఒక్క లెన్సు

తెల్లవారుజామున మూడింటి ముహూర్తం. కోనసీమలో ఒక పల్లె, ఇంటి ముందు తాటాకు పందిరి. గట్టిమేళం అందుకోగానే నేను పీటల ముందు మోకాళ్ల మీద కూర్చుని, డీఎస్ఎల్ఆర్ వెనక తెర మీద చూస్తూ, సూత్రం కడుతున్న చేతుల మీదికి జూమ్ తిప్పాను. అప్పటిదాకా భుజం మీద మోసిన వీడియో కెమెరాతో ఎన్నో పెళ్లిళ్లలో చేసిన పనే. వారం తర్వాత మిక్సింగ్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మూడు ముళ్లు పడే టైముకి ఊళ్లో వోల్టేజీ గానీ పడిపోయిందా?"

వోల్టేజీ బాగానే ఉంది. చీకటి చేసింది నా లెన్సు.

అది కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన 18-55. దాని మూతి మీద 3.5-5.6 అని రాసి ఉంటుంది. కొనేటప్పుడు ఆ అంకెల సంగతి ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. 18 దగ్గర ఆ లెన్సు కన్ను 3.5 దాకా తెరుచుకుంటుంది. 55కి వెళ్లేసరికి 5.6 కంటే తెరవలేదు. అంటే జూమ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పేలోపు, లోపలికొచ్చే వెలుగు ఐదింట రెండు వంతులకు దిగిపోతుంది. ఫొటోల్లో ఈ లోటు తెలియదు. ఏ ఫొటోకి ఆ ఫొటో వేరు, కెమెరా తనే సర్దుకుంటుంది. వీడియోలో అలా కాదు. దీపంలో నూనె అయిపోతున్నట్టు చూస్తుండగానే బొమ్మ మసకబారుతుంది. మొదటే 5.6 దగ్గర కట్టేసి ఉంటే ఎంత జూమ్ చేసినా వెలుగు కదిలేది కాదు. ఈ కిటుకు తెలియడానికి నాకు ఒక పెళ్లి ఖర్చయింది.

డీఎస్ఎల్ఆర్‌లో వీడియో అన్నది 2008లో మొదలైంది. ఆ ఏడాది నికాన్ డీ90, వెంటనే కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చాయి. 2011లో రామ్ గోపాల్ వర్మ 'దొంగల ముఠా'ని ఐదే రోజుల్లో ఈ కెనాన్ 5డీలతో చుట్టేస్తే మన దగ్గర అందరి చూపూ వీటి మీద పడింది. పెళ్లి ప్యాకేజీలో 'ట్రెడిషనల్ వీడియో' పక్కన 'క్యాండిడ్', 'సినిమాటిక్' అన్న మాటలు చేరాయి. భుజం కెమెరాలు అటకెక్కాయి. కెమెరా మారినంత త్వరగా చెయ్యి మాత్రం మారలేదు. అసలు చిక్కంతా అక్కడే.

పాత వీడియో కెమెరాలో బొమ్మ పడే చిప్పు గోరంత. దాని కోసం చేసిన లెన్సు చిన్నగానే ఉండి పది పన్నెండు రెట్లు జూమ్ ఇవ్వగలిగేది. మీట నొక్కితే మోటారు మెత్తగా లాగేది. ముఖం మీదికి పూర్తిగా జూమ్ చేసి, ఫోకస్ సరిచూసుకుని, వెనక్కి లాగితే ఆ ఫోకస్ అలాగే నిలబడేది. మా బాబాయి నాకు నేర్పిన మొదటి పాఠం అదే: "ముందు లోపలికెళ్లి చూసుకోరా, తర్వాత బయటికి రా." ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ సెన్సార్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. దానికి అదే జూమ్ అదే వెలుగుతో ఇవ్వాలంటే లెన్సు నీళ్ల బిందె అంతవుతుంది. పైగా ఫొటోల కోసం చేసిన జూముల్లో చాలావాటికి జూమ్ తిప్పితే ఫోకస్ కొంచెం జరుగుతుంది. ఫొటోగ్రాఫరు ప్రతిసారీ ఫోకస్ కొత్తగా పట్టుకుంటాడు కాబట్టి చేసినవాళ్లు దాన్ని తప్పుగా లెక్కవేయలేదు. బాబాయి పాఠం ఇక్కడ తిరగబడింది. ఏ ఫ్రేములో తీస్తామో ఆ ఫ్రేములోనే ఫోకస్ చేసుకోవాలి.

కాబట్టి డీఎస్ఎల్ఆర్ మీద జూమ్ లెన్సు రికార్డింగ్ నడుస్తుండగా తిప్పడానికి కాదు, ఒక షాటుకీ ఇంకో షాటుకీ మధ్య తిప్పడానికి. పెళ్లిలో లెన్సు మార్చే తీరిక ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు సంచిలో చెయ్యి పెట్టి వెతుక్కుంటే పురోహితుడు ఆగడు. మూడు నాలుగు లెన్సుల పని ఒకటే చేయాలి. దాని విలువ అంతే, అదేమీ తక్కువ కాదు.

జూమ్ షాటు అంటే నాకు చిన్నచూపు లేదు, ఆ మాట చెప్పేసి ముందుకెళతాను. సత్యజిత్ రాయ్ 'చారులత'లో, దుర్భిణి దించిన చారు దగ్గర నుంచి జూమ్ ఒక్కసారిగా వెనక్కి లాగడం చూసినవాళ్లెవరూ జూమ్‌ని తేలిక చేయరు. డెబ్బైల నాటి మన సినిమాల్లో విలన్ ముఖం మీదికి దూకే జూమ్‌కీ దానికీ తేడా లెన్సుది కాదు.

ఇక ఏది కొనాలి? ముందు మీ కెమెరా సెన్సార్ ఎంతో చూసుకోండి. చిన్న సెన్సార్ కెమెరాలో, అంటే మనలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నదాంట్లో, కెనాన్ అయితే లెన్సు అంకెను 1.6తో, నికాన్ అయితే 1.5తో హెచ్చవేసుకోవాలి. పెద్ద కంపెనీ ఎర్రగీత లెన్సు అని మోజుపడి 24-70 కొని చిన్న సెన్సార్ కెమెరాకి తగిలించినవాళ్లను చూశాను. కెనాన్ మీద అది 38 దగ్గర మొదలవుతుంది. కల్యాణ మండపంలో సర్దుకోవచ్చు. ఇంటి వసారాలో మంగళస్నానాలు తీయాలంటే గోడకి వీపు ఆనించినా పెళ్లికూతురు, అమ్మమ్మ, పసుపు పళ్లెం ఒక్క ఫ్రేములో పట్టవు.

చిన్న సెన్సార్‌కి నా ఓటు 17-50 రకానికి, జూమ్ మొత్తానికీ 2.8 ఒకే తీరుగా ఉండేదానికి. కెనాన్ 17-55, సిగ్మా 17-50, టామ్రాన్ 17-50 ఈ కోవలోవే. 17 దగ్గర పందిరంతా వస్తుంది. 35 దగ్గర పీటల మీద జంట. 50కి వెళితే తల మీద జీలకర్ర బెల్లం పెడుతున్న వేళ్లు. జూమ్ పొడుగు చివరన 5.6 ఇచ్చే వెలుగుకి ఇది నాలుగు రెట్లు ఇస్తుంది. ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన చోట 1600తో గడుస్తుంది, చీకట్లలో ఇసక చల్లినట్టుండే నలుసులు తగ్గుతాయి. ఇంకో లాభం లెక్కలకందనిది. క్యాసెట్ల రోజుల్లో మేం వెలిగించిన సన్‌గన్ లైట్ల వేడికి పెళ్లికూతురి బొట్టు కారిపోయేది. ఇప్పుడు ఒక చిన్న ఎల్ఈడీతో పని జరుగుతోందంటే సగం పుణ్యం సెన్సార్‌ది, సగం 2.8ది.

2.8 ఉంది కదా అని ఎప్పుడూ 2.8లోనే తీయకూడదు. రెండు మీటర్ల దూరం నుంచి 50 దగ్గర, 2.8లో తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు జానెడు కూడా ఉండదు. పెళ్లికూతురి ముఖం తేటగా ఉంటుంది, పక్కనే కాస్త వెనక్కి ఒరిగి కూర్చున్న పెళ్లికొడుకు మసకలో కలిసిపోతాడు. అతని తరఫువాళ్లు ఊరుకోరు. తలంబ్రాల దగ్గర ఇద్దరూ పోటీపడి లేస్తారు, ఊగుతారు. అక్కడ నాలుగుకో, 5.6కో దించి తీస్తేనే గింజలూ నవ్వులూ రెండూ నిలుస్తాయి. సిగ్మా 18-35 అనే లెన్సు 2013లో వచ్చింది, జూమ్ అంతటా 1.8 ఇస్తుంది. షార్ట్‌ఫిల్ములు తీసే కుర్రాళ్లకి అదంటే ప్రాణం. బొమ్మ గొప్పగా ఉంటుంది, కాదనను. కానీ 800 గ్రాములు దాటిన బరువు, చేతి వణుకు ఆపే ఏర్పాటు లేదు, 35 దగ్గరే ఆగిపోతుంది. స్టాండు వేసుకుని తీసే కథకి సరే, జనంలో తోసుకుంటూ తీసే పెళ్లికి కాదు.

వణుకు ఆపే ఏర్పాటు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే బేరం దగ్గర చాలామంది వదులుకునేది దాన్నే. కెనాన్ ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్, సిగ్మా ఓఎస్, టామ్రాన్ వీసీ. భుజం కెమెరా బరువు ఒంటిమీద ఆనేది కాబట్టి బొమ్మ కుదురుగా ఉండేది. డీఎస్ఎల్ఆర్‌ని రెండు చేతులతో ముందుకు చాపి పట్టుకుంటాం. ఊపిరి తీసినా తెలుస్తుంది. ఫొటోలో వణుకును షటర్ వేగం దాచిపెడుతుంది, వీడియోలో ఆ వెసులుబాటు లేదు. సెకనుకి 25 ఫ్రేములైతే షటర్ 1/50 దగ్గరే కట్టేస్తాం, మన కరెంటు కూడా 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల కింద చారలు రావు. ఆ వేగంలో చెయ్యి ఎలా కదిలితే బొమ్మ అలా కదులుతుంది. అందుకే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్లకి కూడా నేను కెనాన్ 24-70 కంటే 24-105 మంచిదంటాను. మొదటిది 2.8 ఇస్తుంది గానీ వణుకు ఆపదు. రెండోది నాలుగుకే తెరుచుకుంటుంది, కానీ వణుకు ఆపుతుంది, 105 దాకా వెళుతుంది. అప్పగింతల వేళ పెళ్లికూతురి తండ్రి పక్కకి తిరిగి కండువాతో కళ్లు తుడుచుకుంటాడు. దగ్గరికెళ్లి తీస్తే ఆయన బిగుసుకుపోతాడు. ఆ దూరం 105కి అందుతుంది, 70కి అందదు. 2.8, వణుకు ఆపడం రెండూ కావాలనేవాళ్లకి టామ్రాన్ 2012లో వణుకు ఆపే 24-70 తెచ్చింది, అదీ 2.8తోనే.

లెన్సులో వణుకు ఆపే ఈ ఏర్పాటు సన్నగా గురగురమంటుంది. కెమెరా మీది మైకు దాన్ని పట్టేస్తుంది. మంత్రాల వెనక ఈగ వాలినట్టు వినిపిస్తుంది. మైకు విడిగా పెట్టుకోవడం మేలు. స్టాండు మీద పెట్టినప్పుడు వణుకు ఆపే మీట ఆపేయండి, లేకపోతే కదలని బొమ్మ కూడా తేలుతూ ఉంటుంది.

ఒక్కటే కెమెరా, ఒక్కడే మనిషి, బడ్జెట్ తక్కువ అయితే కెనాన్ 18-135 ఎస్‌టీఎం తీసుకోండి. 2012లో వచ్చింది, ఫోకస్ మోటారు చప్పుడు దాదాపు వినపడదు. 70డీ, ఆ తర్వాతి చాలా కెమెరాల మీద ముఖాన్ని తనంతట తనే వదలకుండా పట్టుకుంటుంది. రాత్రి వెలుగు చాలదు, ఎల్ఈడీ ఇంకొకటి మోయాలి. పగటి పెళ్లికి మాత్రం దీన్ని మించిన సుఖం లేదు. పగలంటే గుర్తొచ్చింది, షటర్ 1/50కి కట్టేస్తే ఎండలో బొమ్మ తెల్లబోతుంది. లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు. 24-105కీ, 17-55కీ 77 మిల్లీమీటర్ల ఫిల్టరే పడుతుంది, ఒకటి కొంటే చాలు.

ఇప్పుడంతా మిర్రర్‌లెస్ అంటున్నారు. కెనాన్ పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో కొత్త ఆర్ కెమెరాల మీదా పనిచేస్తాయి, అందుకే హైదరాబాద్ కోఠి దుకాణాల్లో సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనడం దండగ కాదు. కొనే ముందు సెల్‌ఫోన్ టార్చి వెనక నుంచి వేసి చూడండి, మన కోస్తా గాలికి లోపల సాలెగూడులా ఫంగస్ పడుతుంది. లెన్సు మూతి కిందికి పెట్టి పట్టుకోండి, జూమ్ దానంతట అదే జారితే పక్కన పెట్టేయండి. మీ కెమెరాకే తగిలించి ఒక నిమిషం వీడియో తీసి, మైకు ఆన్ చేసి వినండి. కెనాన్ జూమ్ ఒక వైపు తిరుగుతుంది, నికాన్‌ది దానికి ఎదురు. ఇన్నాళ్లూ ఒకదానికి అలవాటుపడ్డ వేళ్లు ముహూర్తం వేళ ఏ వైపు తిప్పుతాయో ముందే చూసుకోండి.

నా 17-50 మీద అంకెలు చెరిగిపోయాయి. రబ్బరు పట్టీ రెండుసార్లు మార్పించాను. మొన్న ఒకాయన కొంటానన్నాడు, అమ్మలేదు.