ల్యాప్‌టాపు చీటీ చెప్పనిది

పత్తర్‌గట్టీలో ముత్యాలు కొనేవారు మెరుపు ఒక్కటే చూచి డబ్బు చెల్లించరు. గింజను వేళ్ల మధ్య త్రిప్పి నునుపును, గుండ్రదనాన్ని పరీక్షిస్తారు. ఆ పాతబస్తీవారే ల్యాప్‌టాపు కొనబోయినప్పుడు దానిమీది చీటీని వేదవాక్యంగా నమ్ముతున్నారు. అందుచేత ఆ చీటీని కొంత విమర్శించి చూడవలసి ఉన్నది.

మొదట ప్రాసెసరు పేరు. ‘రైజెన్ 5’ అనే ఒకే పేరు క్రింద 7520యు, 7530యు అని రెండు రకాలున్నవి. అంకెల్లో తేడా పదే. కాని మొదటిదానిలో కోర్లు నాలుగు, రెండవదానిలో ఆరు. 2022లో వెలువడిన 7520యు లోని కోర్ల నిర్మాణం ‘జెన్ 2’. అది 2019 నాటిది. 7530యు లోనిది 2020 నాటి ‘జెన్ 3’. వ్రాతపనికి రెండూ చాలును. ఆటలలో మాత్రం మొదటిది బాగా వెనుకబడుతుంది. పేరులోని మూడవ అంకె నిర్మాణాన్ని సూచిస్తుందని కంపెనీవారే ప్రకటించారు. కాని ఆ సంగతి చీటీ చదివే తండ్రికి చెప్పేవారెవరు?

రెండవది మెమరీ. చౌక ల్యాప్‌టాపులలో బొమ్మలు గీసే భాగానికి సొంత మెమరీ ఉండదు. ప్రధాన మెమరీనే అది పంచుకుంటుంది. డీడీఆర్4-3200 రకం పలక ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 గిగాబైట్లు ప్రవహిస్తాయి. రెండు ఉంటే 51.2. అనగా తొట్టి అదే అయినా గొట్టాలు రెండు. చీటీ తొట్టి కొలత చెప్పి ఊరుకుంటుంది.

షాలిబండ నుంచి వచ్చే నా విద్యార్థి ఒకడు, కుట్టుపని చేసే తండ్రి కూడబెట్టిన సొమ్ముతో, 8 గిగాబైట్ల యంత్రం కొన్నాడు. “తరువాత పెంచుకోవచ్చు” అన్నాడు దుకాణదారు. విప్పి చూస్తే మెమరీ బోర్డుకే అతికించి ఉన్నది. ఖాళీ గడి లేదు. ఇంజనీరింగు డ్రాయింగు తెరిచినప్పుడెల్లా ఆ యంత్రం నత్తనడక నడుస్తున్నది. మరొకటి కొనే స్తోమత ఆ ఇంటికి లేదు.

మూడవది బ్యాటరీ. దాని శక్తి 42 వాట్-అవర్లు అనుకొందాము. వ్రాతపనికి 7 వాట్లు ఖర్చయితే ఆరు గంటలు వస్తుంది. ఆటకు 28 వాట్లయితే గంటన్నర. ఏ పనికో చెప్పకుండా గంటలు మాత్రమే చెప్పటం అర్థంలేని మాట.

చీటీ అబద్ధమాడదు, సగం చెబుతుంది. మిగిలిన సగం కొనేవాడు అడిగి రాబట్టవలెను: ప్రాసెసరు పూర్తి సంఖ్య ఏది? మెమరీ పలకలు ఎన్ని? ఖాళీ గడి ఉన్నదా? బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు? నా దృష్టిలో ఆరు కోర్లు, 16 గిగాబైట్ల మెమరీ ఉన్న యంత్రం పనికీ, తేలికపాటి ఆటకూ సరిపోతుంది. రంగుల దీపాలకు, పలుచని అంచులకు అదనంగా చెల్లించనక్కరలేదు.

ఉపాధ్యాయులు ఇటువంటి చీటీ ఒకటి తరగతికి తెచ్చి ఈ లెక్కలు పిల్లలచేత చేయిస్తే మంచిది. భౌతికశాస్త్రం ఒక ఇంటి సొమ్మును కాపాడగలదని వారికి అప్పుడు తెలుస్తుంది.