చీలతో నిలిచే బల్ల

నలుగురు కూర్చునే భోజనాల బల్ల దగ్గరికి ఐదోవారు వస్తే బల్ల కాలు వాళ్ళ మోకాళ్ళ మధ్యకే వస్తుంది. ట్రెసిల్ టేబుల్‌కు ఆ బెడద లేదు. మూలల్లో కాళ్ళుండవు. రెండు చివర్లా, అంచుకు ఓ అడుగు లోపలగా చెరో ఆధారం, రెంటినీ కలిపే ఒక అడ్డకర్ర, పైన పలక. అంతే.

మధ్యయుగాల యూరప్‌లో ప్రభువుల భవనాల్లో ఒకే పెద్ద హాలు భోజనశాలా, సభా, పనివాళ్ళ పడకా. అన్నం వేళకు ఆధారాలు నిలిపి పలకలు పరిచేవారు, అయ్యాక తీసి గోడకు చేర్చేవారు. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో పెన్స్‌హర్స్ట్ ప్లేస్ అనే భవనం ఉంది. అక్కడి 1341 నాటి హాల్లో అలాంటి పాత బల్లలు ఇప్పటికీ చూడొచ్చు. మన ఫంక్షన్ హాళ్ళలో బంతి లేచాక ఇనప కాళ్ళు మడిచి గోడకు ఆనించే ప్లైవుడ్ బల్లలదీ అదే పద్ధతి. పేపర్ రోల్ పరిచి దాచేస్తాం గానీ, వాటి తెలివి తక్కువదేం కాదు.

ఈ బల్లకు నేటి రూపం రావడంలో నా లెక్కన పెద్ద వాటా షేకర్లది. 1774లో ఆన్ లీ వెంట ఇంగ్లండ్ నుంచి అమెరికా చేరిన చిన్న క్రైస్తవ బృందం వాళ్ళది. పెళ్ళిళ్ళు లేవు, సొంత ఆస్తులు లేవు, భోజనాలు ఉమ్మడిగా. ఆడవాళ్ళు ఒక బల్ల దగ్గర, మగవాళ్ళు మరో బల్ల దగ్గర మాట్లాడకుండా తినేవారు. అందరూ పట్టాలంటే బల్ల పొడుగ్గా ఉండాలి. పాత బల్లల్లో అడ్డకర్ర నేలకు దగ్గరగా ఉండి కాళ్ళకు తగిలేది. షేకర్ వడ్రంగులు దాన్ని పైకి జరిపి, పలక కిందికి చేర్చారు. నగిషీలు మానేశారు, పాదాన్ని మాత్రం సన్నని వంపుగా చెక్కారు. అడ్డకర్ర పైకి జరగడంతో కాళ్ళు చాపుకోవడానికీ, కింద ఊడవడానికీ చోటు దొరికింది. ఆ ఒక్క మార్పే ఈ బల్లను ఇప్పటి ఇంటికి తెచ్చింది.

విప్పి బిగించుకునే రకాల్లో అసలు పనితనం అతుకులో ఉంటుంది. అడ్డకర్ర కొసను నాలుకలా సన్నంగా కోసి, నిలువు కర్రలో ఆరపార తొలిచిన బెజ్జంలోంచి అవతలికి పొడుచుకొచ్చేలా దూరుస్తారు. ఆ నాలుకకు మళ్ళీ బెజ్జం పెట్టి, ఏటవాలుగా చెక్కిన చీలను దిగ్గొడతారు. ఎడ్లబండి ఇరుసుకు కడసీల లాంటిదే, కాకపోతే కడసీల చక్రం ఊడకుండా ఆపుతుంది, ఇది అతుకును లాగి బిగిస్తుంది. నాలుకకు పెట్టే బెజ్జం నిలువు కర్ర మందంలోకి ఒక నూలు చొచ్చుకుని ఉండాలి. అప్పుడు చీల దిగేకొద్దీ నిలువు కర్రను నెడుతూ అడ్డకర్రను తన వైపుకు లాగుతుంది. ఆ నూలు వదలని బల్లలో చీల బిగిసినట్టే కనిపిస్తుంది, బల్ల మాత్రం ఊగుతుంది. నాలుక కొసన చెక్క తక్కువ మిగిల్చినా అది చీలిపోతుంది. జిగురు అక్కర్లేదు, రాయకూడదు కూడా. వదులైతే చెక్క సుత్తితో ఒక దెబ్బ చాలు.

పై పలక సంగతి వేరు. చెక్క పొడవున దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బి ఎండాకాలం ముడుచుకుంటుంది. మూడడుగుల వెడల్పు టేకు పలక పావంగుళం దాకా మారొచ్చు. దాన్ని ఆధారాలకు గట్టిగా బిగించేస్తే నెర్రెలిస్తుంది. అందుకే స్క్రూలకు గుండ్రటి బెజ్జాలు కాక కోలవి తీస్తారు.

పనిబల్లగా దీనికి ఇనుము బాగా నప్పింది. జర్మన్ వాస్తుశిల్పి ఎగాన్ ఐర్మన్ 1953లో ఉక్కు గొట్టాలతో ఒక చట్రం చేశాడు. ఏటవాలు కడ్డీలు దాన్ని ఊగకుండా ఆపుతాయి, పలకను పైన ఊరికే పెట్టుకోవచ్చు.

ఫ్లాట్ లిఫ్టులో పట్టని బల్ల కొని మెట్ల మీద మోయించిన వాళ్ళకు విప్పుకునే బల్ల విలువ చెప్పక్కర్లేదు. చేయించుకునేవాళ్ళు మనిషికి రెండడుగుల చొప్పున పొడవు, నేల నుంచి ముప్పై అంగుళాల లోపు ఎత్తు చెప్పండి. అడ్డకర్ర పైకి, కనీసం నాలుగంగుళాల వెడల్పుతో ఉండాలనండి. డబ్బు చెల్లించే ముందు ఒక చివర పట్టుకుని ఊపి చూడండి.