పాటలో మా మాటలు, పాట బయట మేము

దిల్‌సుఖ్‌నగర్ పేరులో సగం పారశీకం, సగం దేశీ. 'దిల్' అటునుంచి వచ్చింది, 'సుఖ్' ఇక్కడిది. బస్సు కండక్టరు, కూరగాయలమ్మే అవ్వ, కోచింగ్ పిల్లలు అందరూ ఈ పేరు పలుకుతారు. పలికితే ఎవరి నోరూ మైలపడదు. అదే దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో టు-లెట్ బోర్డు చూసి మేం తలుపు కొడితే ఇల్లు చూపిస్తారు, అద్దె చెప్తారు, నీళ్ళెప్పుడొస్తయో చెప్తారు. చివర్న పేరడుగుతారు. పేరు విన్నాక ఆ ఇల్లు 'నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేసినం' అయిపోతుంది. మా మాటకు చోటుంది, మాకు లేదు. కొత్త రాక్ ఆల్బమ్‌ల గురించి రాస్తూ ఈ గోలెందుకు అంటారేమో. ఆ ఆల్బమ్‌లు వింటున్నప్పుడు మాకు ఈ టు-లెట్ బోర్డే గుర్తొస్తోంది గనక.

తెలుగు నేల మీద పాటంటే సినిమా పాట. ఆ నీడలోంచి బయటపడి, సొంత డబ్బుతో, సొంత మాటతో, గిటారూ డ్రమ్సూ పట్టుకుని పాడేవాళ్ళని 'ఇండీ' అంటున్నారు, 'ఆల్టర్నేటివ్' అంటున్నారు. ఆల్టర్నేటివ్ అంటే ప్రత్యామ్నాయం. దేనికి ప్రత్యామ్నాయం, ఎవరికి ప్రత్యామ్నాయం అని అడిగే హక్కు వినేవాడికుంది. ఈ నగరంలో ఆ పాటల వేదికలు ఎక్కువగా పడమట ఉన్నాయి: బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి. 2010లో బంజారాహిల్స్‌లో మొదలైన లామకాన్ టిక్కెట్టు కొనలేనివాళ్ళకూ తలుపు తీసింది, ఆ రుణం మరువం. తూర్పున ఉండే మేం మాత్రం ఎక్కువగా చెవిలో పెట్టుకునే శ్రోతలం. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్.బి.నగర్ దాకా వచ్చింది. ఇప్పుడు చైతన్యపురిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగేదాకా చెవుల్లో ఈ పాటలే.

'మేం' ఎవరమో కూడా చెప్పాలి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు వచ్చి ఆగే ఎల్.బి.నగర్ రింగు దగ్గర మూటాముల్లెతో దిగిన ముస్లింలం. చార్మినార్ నీడన పుట్టినవాళ్ళం కాదు. మా అమ్మలు ఒకే పూటలో 'చూలా' అంటారు, 'పొయ్యి' అంటారు. పాతబస్తీ చుట్టాలు మా ఉర్దూ విని 'దేహాతీ' అని నవ్వుతారు. పక్కింటి తెలుగువాళ్ళు 'మీరు తెలుగు మంచిగ మాట్లాడ్తరే!' అని ఆశ్చర్యపోతారు. అవ్వల కాలం నుంచీ మాట్లాడుతున్న భాషకు మమ్మల్ని మెచ్చుకోవడమంటే అది మాది కాదనడమే.

ఈ చెవులతో కొన్ని ఆల్బమ్‌లు విన్నాం.

లోకల్ ట్రైన్ బృందం 2018లో 'వాకిఫ్' తెచ్చింది. ఎరిగినవాడు, తెలిసినవాడు అని ఆ మాటకర్థం. గిటార్లు దూసుకుపోతాయి, పల్లవి వస్తే కాలేజీ మైదానమంతా గొంతు కలుపుతుంది. కుర్రతనపు ఒంటరితనాన్ని, దారి తప్పిన దిగులును హిందీ రాక్‌లో ఇంత సూటిగా పాడినవాళ్ళు తక్కువ. దాన్ని కాదనం. కానీ ఈ పాటల్లో ఉర్దూ మాట అత్తరులా వాడబడింది. వాసన వస్తుంది, పూసుకున్న మనిషి కనబడడు. రాక్‌కు ఉర్దూ కొత్తేమీ కాదు. 1997లో పాకిస్తాన్ బృందం జునూన్ 'ఆజాదీ' ఆల్బమ్‌లోని 'సయ్యోనీ' మన ఇళ్ళ టీవీల్లోనూ మోగింది. వాళ్ళకది ఇంటి భాష. ఇక్కడ ఆ భాషకు ఇష్టులు పెరుగుతున్నారు, పొరుగువాళ్ళు పెరగడం లేదు.

ఢిల్లీ బృందం పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ 2019లో తెచ్చిన ఆల్బమ్ పేరు ఏకంగా 'బిస్మిల్లా'. పాటలు ఇంగ్లీషువి. పాత క్లబ్బుల్లో పాడే గాయకుడి గొంతు, జాజ్ నడక, పెళ్ళి బ్యాండును తలపించే బాకాలు. సంగీతంగా చూస్తే మేం చెప్తున్న వాటిలో ఇదే అందరికన్నా తెగించింది. 'ఫ్లోటెడ్ బై' పాటలో సంతోషమూ అలసటా ఒకే గొంతులో వినిపిస్తాయి. పేరు దగ్గరే మాకు ముల్లు. అన్నం ముందు, ప్రయాణం ముందు, కోడిని కోసే ముందు మేం బిస్మిల్లా అంటాం. క్లాసులో టిఫిన్ మూత తీస్తూ పైకి అనాలా, లోపలే అనుకోవాలా అని మా పిల్లలు ఇప్పటికీ తడబడతారు. ఆ మాట ఆల్బమ్ అట్ట మీద ఎక్కినంత తేలిగ్గా మా పిల్లల పెదవి మీద ఎక్కడం లేదు. తప్పు ఆ బృందానిది కాదు. కానీ ఒకే మాట ఒకరి నోట ఫ్యాషనూ మరొకరి నోట అనుమానమూ ఎట్లా అవుతున్నదో విమర్శకులు అడగాలి. మేం అడుగుతున్నాం.

పర్వాజ్ సంగతి వేరు. 2010లో బెంగుళూరులో మొదలైన ఈ బృందానికి కశ్మీరీ గాయకుడు ఖాలిద్ అహమద్ గొంతు ప్రాణం. ఉర్దూలో పాడతారు, కశ్మీరీలో పాడతారు. 2014లో 'బారాన్', 2019లో 'కున్' వచ్చాయి. 'కున్' అంటే 'అగు'. సృష్టి గురించి ఖురాన్ చెప్పే మాట అది. 2011లో 'రాక్‌స్టార్' సినిమా ఇదే మాటతో ఖవ్వాలీ కట్టించి దేశమంతా పాడించింది. ఆ పాట గొప్పదే, అయినా కథలో దర్గా హీరో మనసు కుదుటపడేందుకు దొరికిన మజిలీ. పర్వాజ్ దగ్గర ఆ మాట మజిలీ కాదు, నడిచే నేల. వాళ్ళ పాట తొందరపడదు. మెల్లగా మొదలై, గిటారు మీద గిటారు పేరుకుని, ఎప్పుడు ఉప్పెనైందో తెలియకుండా మీద పడుతుంది. మతం పేరు చెప్పి జాలి అడగదు, మతం దాచి మెప్పూ అడగదు. మా ఓటు దీనికే. ఒక్క వెలితి: ఈ ఉర్దూ ఎత్తైన ఉర్దూ. మా 'చూలా-పొయ్యి' ఇంట్లోకి వచ్చేసరికి తలవంచి రావాల్సి వస్తుంది.

తెలుగులో చౌరస్తా బృందం జానపదాన్నీ రెగ్గేనీ కలిపి మంచి పని చేసింది. 'ఊరెళ్ళిపోతా మామా' విని కన్ను చెమర్చని వలసజీవి ఎల్.బి.నగర్‌లో ఉండడు. మాకూ చెమర్చింది. వెంటనే ఇంకో ప్రశ్న కూడా లేచింది. మేం ఊరెళ్తే అక్కడ ఏముంది? భూమి లేదు. దూదేకులాయన దుకాణం పోయింది. పండగలకు 'సాయిబూ' అని పిలిచి ముందుపెట్టే పిలుపు పలచబడుతోంది. తెలుగు పాటలో ఊరు ఇంకా పచ్చగానే ఉంది. ఆ పచ్చదనంలో మా వాకిలి ఎక్కడుందో ఇంకా ఎవరూ పాడలేదు.

రాక్ గిటారు పట్టని మా పిల్లలకు ప్రత్యామ్నాయం రాప్ రూపంలో వచ్చింది. రుహాన్ అర్షద్ 'మియా భాయ్' దక్కనీ యాసను ఎగతాళి పాత్రల నోట్లోంచి లాగి, కాలరెగరేసి నిలబెట్టింది. అప్పటిదాకా సినిమాల్లో మా యాసంటే కామెడీ, లేకపోతే కత్తి. ఆ పాటలో మాటల లోతు తక్కువే, బడాయి ఎక్కువే. ఆడవాళ్ళకి చోటు లేని బడాయి అది. అయినా తలెత్తుకోవడం మొదట బడాయిగానే బయటపడుతుంది. 2021లో అతను మతం పేరుతోనే పాట మానేస్తున్నానన్నాడు. అది అతని ఇష్టం, గౌరవిస్తాం. కానీ బయట తలుపులు మూసేవాళ్ళతో కొట్లాడుతూ, లోపల పాటకు గొళ్ళెం పెట్టేవాళ్ళ ముందు నోరు మూసుకోలేం. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీ, పెళ్ళిళ్ళలో మా ఆడవాళ్ళ ఢోలక్ గీతాలు, బారాత్ ముందు మర్ఫా ఇవన్నీ మా ఇళ్ళలోవే. పాట మాకు పరాయి అని మాకే చెప్తే ఎట్లా?

అన్నిటికన్నా పాత ప్రత్యామ్నాయం మా ఊళ్ళల్లోనే ఉంది. పీర్ల పండగ రాత్రి అలావ చుట్టూ డప్పు మీద తెలుగులో హసన్ హుసేన్‌ల దుఃఖం పాడతారు. మాదిగ డప్పు, ముస్లిం శోకం, తెలుగు మాట. ఏ స్టూడియో నేర్పని ఫ్యూజన్ అది. మేం విన్న ఆల్బమ్‌లు వేటిలోనూ దాని అలికిడి లేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ'తో, 1998లో 'జల్‌జలా'తో మా ఇంటి మాట తెలుగు కవిత్వంలోకి తలుపు తోసుకుని వచ్చింది. ఎవరూ పిలవలేదు. పాటలోకి అట్లా రావడం ఇంకా మిగిలే ఉంది.

రావాల్సిన పాట ఏమిటో దిల్‌సుఖ్‌నగరే చెప్తుంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర బాంబులు పేలి, 15 మందికి పైగా చనిపోయారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, రేపటి పరీక్షకు చదువుకుంటున్నవాళ్ళు. ఆ శవాలు మావి కూడా. మర్నాటి నుంచి బస్‌స్టాపులో నిలబడే భయం అందరిదీ. పేరడిగితే చెప్పే భయం మాదొక్కరిదే. ఈ రెండు భయాలనూ ఒకే గొంతుతో పాడే ఆల్బమ్ కావాలి. దాన్ని పడమటి నుంచి పంపనక్కర్లేదు. కొత్తపేటలో, సరూర్‌నగర్‌లో, ఎల్.బి.నగర్‌లో అద్దె గదుల్లో ఉన్న పిల్లలే కట్టాలి, ఇంట్లో మాట్లాడే మాటతోనే, నవ్వేవాళ్ళని నవ్వనిచ్చి. విమర్శకులారా, ఉర్దూ మాట తీయగుందని రాసింది చాలు. ఆ మాట ఎవరి ఇంటిదో కనుక్కోండి. ఆ ఇంటికి అద్దె దొరికిందో లేదో కూడా అడగండి.