వెలుగుకు వంతపాట

ఒగ్గుకథ వినీ వినీ చెవికి ఒక రుచి అలవడుతుంది. కథకుడు పదాన్ని పైకి, ఇంకా పైకి ఎత్తుతాడు. ఊపిరి తిప్పుకోవడానికి రవ్వంత ఆగుతాడు. ఆ పదం కొస నేల రాలకముందే వంతగాడు అందుకుంటాడు. డోలు ఉరుముతుంది, తాళాలు తళుక్కుమంటాయి. మిద్దె రాములు కథ చెప్పిన కరీంనగర్ సీమలో ఎవరినడిగినా చెబుతారు: రసమంతా ఆ అందుకోవడంలోనే ఉంది!

వెలుగుకూ అలాంటి వంత ఉంది. వినడానికి నాతో రండి.

పగటి కథకుడు రామగుండంలో ఉన్నాడు. ఎన్టీపీసీ జలాశయం మీద, బొగ్గు పొగగొట్టాల సాక్షిగా, 500 ఎకరాల నీలిగాజు తేలుతోంది. నాలుగున్నర లక్షల సౌర పలకలు, 100 మెగావాట్లు. 2022 జులై 1 నుంచి నిండుగొంతుతో పాడుతున్నాయి. లెక్క మరిచి కళ్లప్పగించండి. పైన ఎండ చురుకు, అడుగున నీటి చలువ. నీరు ఆవిరైపోకుండా పలక గొడుగు పడుతుంది. పలక వేడికి సొమ్మసిల్లకుండా నీరు విసనకర్ర వీస్తుంది. ఎంత ముచ్చటైన కాపురం! కానీ పొద్దు వాలితే ఈ గొంతు మూగబోతుంది. పైగా ఆ పాట పెద్ద తీగలెక్కి పోతుంది. తీగ అందని గూడేనికి వినపడదు.

అక్కడ అందుకునేవాడు కానుగ.

ఆదిలాబాద్ అడవిదారిలో కానుగ పూసిన వేళ ఆ చెట్టు కింద నిలబడ్డారా? తెలుపూ లేతఊదా కలిసిన పూలు పేలాలు చల్లినట్టు నేల నిండా! ఆకు మీద నూనె రాసినంత నిగనిగ. బిళ్లలాంటి కాయ చితికితే ఎర్రమట్టి రంగు గింజ, గింజను గానుగాడితే చేదు చమురు. ఆ చేదంతా ఎండే. ఆకు తాగి, గింజలో దాచిన ఎండ. 2000 దశకపు తొలినాళ్లలో, కరెంటు తీగ చేరని చాల్‌బర్డి గోండుగూడెంలో ఈ చమురే డీజిల్ ఇంజిన్‌ను నడిపి ఇళ్లలో బల్బులు వెలిగించింది. జైనూర్ మండలం పవర్‌గూడలో ఇదే చమురు తీసిన ఆడవాళ్ల కథ మరీ సొగసు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సు పొగను కడిగేందుకు 2003లో ప్రపంచ బ్యాంకు ఈ ఆడవాళ్ల దగ్గర 147 టన్నుల కర్బన పొదుపును 645 డాలర్లకు కొన్నది. ఎక్కడి సభ, ఎక్కడి కానుగతోపు! పుట్టని పొగకు ధర పలికింది!

ఇప్పుడు ఈ రెండు గొంతులనూ ఒకే గూడెంలో ఊహించండి. పగలంతా ఇంటికప్పు మీది పలక పాడుతుంది. శ్రావణపు ముసురు పట్టి, మబ్బు కమ్మి, ఆ పాట తడబడిందా? ఎండాకాలంలో ఏరి దాచిన గింజ గొంతు సవరించుకుంటుంది. బల్బు ఒక్కసారి కునికి, మళ్లీ కళ్లు తెరుస్తుంది. ఆ కునుకుపాటే, ఆ రెప్పపాటే నాకు ప్రాణం! కథకుడు సూర్యుడు, వంతగాడూ సూర్యుడే. తన పాట తనే ఆపి, తన పాట తనే అందుకుంటున్నాడు!

ఇక గోండుల దండారి పండుగ రోజులు. దీపావళి ముంగిట రాత్రి చిక్కబడుతుంది, చంద్రుడు కరిగిపోతాడు. డోలు మోగుతుంది, పెప్రె సన్నాయి పలుకుతుంది, ఆడే గుస్సాడి తలపై నెమలీకల కిరీటం ఊగుతుంది. బల్బు కింద ఒక ఈక కన్ను పచ్చగా మెరుస్తుంది.

ఆ మెరుపు పోయిన వైశాఖపు ఎండ.