దయ ఎవరిది? కూలి ఎవరిది?: ద్రాక్షతోట ఉపమానంపై ఒక పరిశీలన

దేవుడి దయ అందరికీ సమానమేనని చర్చిల్లో ప్రతి ఆదివారం వింటూనే వున్నాం. దానికి మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల ఉపమానాన్ని రుజువుగా చూపిస్తారు. తెల్లారి పనిలోకి దిగినోడికీ, పొద్దుగూకే ముందు గంటసేపు చేసినోడికీ ఆసామి ఒకటే కూలి ఇస్తాడు. ఎప్పుడు నమ్మినా రక్షణ ఒకటేనని పాస్టర్లు అర్థం చెప్పి ముగిస్తారు. ఈ వ్యాఖ్యానంలో కూలీ మాయమైపోయాడని మేము అంటున్నాం.

కథలో రెండు సంగతులు గమనించండి. సాయంత్రం దాకా ఖాళీగా ఎందుకు నిలబడ్డారంటే, తమనెవరూ పనికి పిలవలేదని వాళ్ల జవాబు. వాళ్లు సోమరులు కారు, పిలుపు అందనివాళ్లు. రెండోది, ముందొచ్చినవాళ్ల సణుగుడు. వాళ్ల కూలి పైసా తగ్గలేదు. వెనకొచ్చినోళ్లను తమతో సమానం చేయడమే వాళ్లకు కంటగింపు. ఈ సణుగుడు మాల మాదిగ వాడలకు కొత్త కాదు. 1990లో మండల్ వ్యతిరేక ఆందోళనలో 'ప్రతిభ' పేరుతో వినిపించిందీ ఇదే.

కాబట్టి ఇక్కడి దయ గాల్లో తేలే దయ కాదు. రోజుకూలి రూపంలో, చివరివాళ్లకే మొదట అందిన దయ. మన చరిత్రలోనూ దీనికి ఆనవాలుంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో వున్నవాళ్లకు పని చూపించాడు. కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు.

అయితే ఉపమానాన్ని కూడా మేము ప్రశ్నించకుండా వదలం. తోట ఆసామిదే, డబ్బూ ఆసామిదే. నా సొమ్ము నా ఇష్టమన్నదే అతని సమర్థన. రేపు మనసు మారితే? దయ హక్కుగా మారనంతవరకు కూలీ సంతవీధిలో ఎదురుచూడాల్సిందే.

మన రాజ్యమూ ఆ ఆసామి తీరునే నడిచింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను ప్రధానంగా హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించారు. వెలివాడలో మార్పు లేకున్నా, దళిత క్రైస్తవుడు మాత్రం ఇంకా బయటే నిలబడి వున్నాడు. ప్రభువు బల్ల దగ్గర మనతో కూర్చునే అగ్రకుల విశ్వాసుల్లో ఎంతమంది దీనిమీద నోరు విప్పారు? అందరికీ దయ అని ప్రసంగించే చర్చి ముందు ఈ మాటకు జవాబు చెప్పాలి.